చక్రాల ఇల్లు, దారిలో బడి

ఇల్లు అద్దెకిచ్చేసి, ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించుకుని, పిల్లాపాపలతో ఏడాది పొడుగునా అమెరికా తిరిగే కుటుంబాల్లో ఇప్పుడు మనవాళ్లూ అక్కడక్కడా తగులుతున్నారు. సంగతి విన్నవాళ్లు అడిగేవి రెండే. వంట ఎట్లా? పిల్లల చదువు ఎట్లా? ట్రైలర్‌లో ఈ రెండిటికీ ఉన్నది ఒకటే బల్ల. దాని మీదే బెండకాయలు తరగాలి, దాని మీదే భిన్నాలు చెప్పాలి. మాకు ఇద్దరు పిల్లలు, ఒక రిమోట్ ఉద్యోగం, ట్రక్కుతో లాగే ఓ మోస్తరు ట్రైలర్. ఈ చిట్కాలు ఆ కొలతకు సరిపోయేవి. అన్నిటికీ అడుగున ఉన్న నా అభిప్రాయం ఒకటే: ఎంత నిదానంగా తిరిగితే ఈ కాపురం అంత ఎక్కువ కాలం సాగుతుంది.

1. ట్రైలర్ చూడబోయే ముందు వీసా కాగితాలు చూసుకోండి. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు పని చేసే చోటు ఏదో పిటిషన్‌లోనే రాసి ఉంటుంది. ఆ మెట్రో ప్రాంతం దాటి పనిచోటు మారితే సవరణ పిటిషన్ వేయాలని 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల విభాగం తేల్చి చెప్పింది. నెలకో రాష్ట్రంలో లాప్‌టాప్ తెరవడం వాళ్లకు కుదిరే పని కాదు. సెలవుల్లో తిరగడం వేరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా చిరునామా మారితే 10 రోజుల్లోగా ఇమిగ్రేషన్ వారికి ఏఆర్-11 ఫారం పంపాలి. పౌరులకు ఈ బాధ లేదు గానీ, ఏ రాష్ట్రంలో కూర్చుని పనిచేస్తే ఆ రాష్ట్రపు పన్ను సంగతి కంపెనీకి తలనొప్పి అవుతుంది. హెచ్.ఆర్. వాళ్లతో ముందే మాట్లాడి, ఒప్పుకున్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.

2. ఇంటి చిరునామా ఎంచుకున్నప్పుడే బడి చట్టం కూడా ఎంచుకున్నట్టు. ఎప్పుడూ రోడ్డు మీదుండే కుటుంబాలు ఎక్కువగా టెక్సాస్, ఫ్లారిడా, సౌత్ డకోటాల్లో ఏదో ఒకదాన్ని సొంత రాష్ట్రంగా పెట్టుకుంటాయి. మూడింట్లోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఉత్తరాలు అందుకుని మనమున్న చోటికి పంపే ఏర్పాట్లున్నాయి. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్లో ఎస్కేపీస్ అనే ఆర్‌వీ (చక్రాల ఇళ్ల) సంఘం నడిపే సర్వీసు ఇందుకు బాగా పేరున్నది. హోమ్‌స్కూల్ దగ్గరికి వచ్చేసరికి మూడూ మూడు దారులు. టెక్సాస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు. 1994లో అక్కడి సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇది ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ పుస్తకం పెట్టుకుని నిజంగా నేర్పితే చాలు. ఫ్లారిడాలో మొదలుపెట్టిన 30 రోజుల్లోపు కౌంటీ సూపరింటెండెంటుకు తెలియజేయాలి, పిల్లల పనుల ఫైలు ఉంచాలి, ఏడాదికోసారి మదింపు చేయించాలి. సౌత్ డకోటాలో కూడా తెలియజేయాలి. నా ఓటు ఫ్లారిడా పద్ధతికే. మీది ఏ రాష్ట్రమైనా ఆ ఫైలు మాత్రం పెట్టండి. రేపు పిల్లల్ని మామూలు బడిలో వేయాల్సి వస్తే ఆ అట్టల మధ్య కాగితాలే సాక్ష్యం.

3. ఆర్‌వీ వాళ్లు చెప్పుకునే 3-3-3 సూత్రంలో మైళ్లు సగానికి తగ్గించుకోండి, రాత్రులు పెంచుకోండి. రోజుకు 300 మైళ్లు మించకూడదు, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరాలి, చేరినచోట 3 రాత్రులుండాలి అనేది ఆ సూత్రం. పిల్లలతో, బడితో, ఉద్యోగంతో అయితే 150 మైళ్లే ఎక్కువ. మూడు రాత్రులైతే మరీ అన్యాయం. సామాను సర్దడానికి ఒక పూట, విప్పడానికి ఒక పూట పోతే చదువుకు మిగిలేది ఏముంది? ఒక్కోచోట రెండు వారాలు ఉండి చూడండి. క్యాంప్‌గ్రౌండ్లలో వారానికి, నెలకు రేటు తగ్గుతుంది కూడా. కేంద్ర ప్రభుత్వ భూములు చూసే బీఎల్ఎమ్ వారి ఖాళీ స్థలాల్లో ఉచితంగా దిగే చోట్ల మామూలుగా 14 రోజుల గడువు ఉంటుంది. కరెంటు, నీళ్లు ఏమీ ఉండవు. ప్రయాణం శనివారం పెట్టుకుంటే ఇటు ఆఫీసూ చెడదు, అటు బడీ చెడదు.

4. బియ్యం బస్తా ట్రైలర్ వెనక అరలో పెట్టకండి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. 6,000 పౌన్ల ట్రైలరైతే 600 నుంచి 900 పౌన్లు. వెనక భాగం బరువెక్కితే హైవే మీద పాము మెలికలు తిరిగినట్టు ఊగుతుంది. మనకు బియ్యం, కందిపప్పు, నూనె డబ్బా, పచ్చడి జాడీలు, పైగా వెట్ గ్రైండరు రాయి. ఇవన్నీ చక్రాల ఇరుసు మీదికి వచ్చేలా, నేలకు దగ్గరగా సర్దాలి. నీళ్లు గ్యాలనుకు 8 పౌన్ల పైచిలుకు తూగుతాయి. 40 గ్యాలన్ల ట్యాంకు నింపుకుని కదిలితే 330 పౌన్లు అదనం. ట్రక్కు డ్రైవరు తలుపు చట్రం మీద అంటించి ఉన్న పేలోడ్ అంకె చదవండి. మీరూ, పిల్లలూ, సామానూ, కొక్కెం మీది బరువూ అన్నీ ఆ అంకెలోనే ఇమడాలి. ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ తూనికమీద ఒకసారి అన్నీ నింపుకుని తూయించండి. ఆ చీటీలోని అంకెల కూడిక, తీసివేత పెద్దపిల్లాడి చేత చేయించండి. ఆ రోజు లెక్కల క్లాసు అదే.

5. బండి కదులుతున్నప్పుడు ట్రైలర్‌లో ఎవరూ ఉండకూడదు. నిద్రపోతున్నా, జ్వరమొచ్చినా, ‘ఐదు నిమిషాలే’ అన్నా సరే. చాలా రాష్ట్రాల్లో అది నేరం కూడా.

6. వెనక్కి పెట్టేటప్పుడు ‘ఎడమ, కుడి’ అనే మాటలు నిషేధించండి. క్యాంప్‌గ్రౌండు అంతా కుర్చీలేసుకుని చూసే వినోదం ఇదే. ‘ఎడమకి తిప్పండీ’ అంటే ‘ఎవరి ఎడమే?’ అని లోపల్నుంచి అరుపు. ఆ మీదట మాటలు ఎటు పోతాయో మీకు తెలుసు. ‘డ్రైవరు వైపు, రెండో వైపు’ అనండి. చేతి సైగలతో పాటు ఫోన్ కలుపుకుని మాట్లాడుకోండి. తిప్పేవాళ్లకు ఇంకో కిటుకు. స్టీరింగును కింది భాగంలో పట్టుకోండి. చెయ్యి ఏ వైపు కదిపితే ట్రైలర్ వెనక భాగం ఆ వైపే వెళుతుంది, బుర్ర తిరగేసుకునే పని ఉండదు. అనుమానం వస్తే ఆపేసి, దిగి, నడిచి చూసి రావడానికి నామోషీ పడకండి.

7. దిగిన చోట పనులకు వరస ఉంటుంది, ఆ వరస పిల్లలకు అప్పగించండి. ముందు పక్కలు సమానం చేసుకోవాలి, తగ్గు వైపు చక్రాల కింద పలకలు వేసి. తర్వాత చక్రాలకు అడ్డు చెక్కలు. అవి పడ్డాకే కొక్కెం ఊడదీయాలి. ఆ పైన ముందు జాకీతో ముందువెనకలు సమానం, చివర నాలుగు మూలలా ఊతకాళ్లు. ఎనిమిదేళ్ల పిల్లకు స్పిరిట్ లెవెల్ చేతికిస్తే గాలిబుడగ మధ్యకు వచ్చేదాకా తండ్రిని కదలనివ్వదు. మళ్లీ బయల్దేరేటప్పుడు ఫ్రిజ్ గడియ, కిటికీలు, మెట్లు, కరెంటు తీగ, నీళ్ల పైపు అన్నీ జాబితాలో టిక్కు పెట్టాలి. జాబితా తెలుగులో రాయించండి. రోజూ చదివే తెలుగు అదొక్కటైనా ఉంటుంది.

8. 30 ఆంపుల కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 1,500 దాకా లాగుతుంది, ఇన్‌స్టంట్ పాట్ 1,000, నీళ్ల హీటరు కరెంటు మీద పెడితే ఇంకో 1,400. మూడూ కలిస్తే బ్రేకరు పడుతుంది, సరిగ్గా ఆఫీసు మీటింగు మధ్యలో పడుతుంది. హీటరును గ్యాసు మీదికి మార్చుకుంటే గొడవ సగం తగ్గుతుంది. ఇండియా నుంచి తెచ్చిన 220 వోల్టుల మిక్సీ ఇక్కడ బరువే తప్ప పనికిరాదు. 110 వోల్టుల మిక్సీలు ఇక్కడి ఇండియన్ దుకాణాల్లోనే దొరుకుతాయి. కొబ్బరి పచ్చడి చేయాలంటే ఏసీ రెండు నిమిషాలు ఆపండి. ఎవరూ కరిగిపోరు.

9. తిరగమోత బయట పెట్టండి. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగడం ఖాయం. ఆ మోతకు విసిగి బ్యాటరీ ఊడదీసేవాళ్లను చూశాను, ఆ పని మాత్రం చేయొద్దు. నేలకు దగ్గరగా ఉండే గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ప్రాణాలకు సంబంధించినవి. చిన్న క్యాంపు స్టవ్వు ఒకటి బయటి బల్ల మీద ఉంచుకుంటే వేపుళ్లు, చేపల పులుసు, తాలింపులు అన్నీ అక్కడే. లోపల వండితే ఇంకో చిక్కుంది. నలుగురి ఊపిరి, ఇడ్లీ ఆవిరి కలిసి చలికాలంలో కిటికీల మీద నీరై పరుపుల కిందికి కారుతుంది, వారంలో బూజు. వంటప్పుడు పైనున్న ఫ్యాను తిప్పండి, పరుపులు గోడకు ఆనకుండా చూడండి, చిన్న డీహ్యూమిడిఫయరు కొనండి. ఎలుగుబంట్లు తిరిగే యెల్లోస్టోన్, యోసెమిటీ లాంటి చోట్ల బయట వండితే తినగానే అన్నీ తుడిచి లోపల పెట్టాలి, మూకుడు కూడా వదలకూడదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నిశ్శబ్ద వేళలు. ఐదింటికి కుక్కరు విజిల్ వేస్తే పక్క ట్రైలర్ వాళ్లు ఏదో ప్రమాదం జరిగిందని లేచి వస్తారు.

10. ఎత్తు ప్రదేశాల్లో పప్పు ఉడకకపోతే కందిపప్పును తిట్టకండి. యెల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర నీళ్లు సుమారు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి. అంతకు మించి వేడెక్కవు. మామూలు గిన్నెలో రోజూ పెట్టినంతసేపు పెట్టినా పప్పు పలుకుపలుకుగానే ఉంటుంది. కుక్కరు లోపల ఒత్తిడి పెంచుతుంది గనుక అది తప్పనిసరి, అక్కడ కూడా రెండు విజిళ్లు ఎక్కువే వేయించాలి. పిల్లలకు ఒక థర్మామీటరు ఇచ్చి మరిగే నీళ్ల వేడి కొలిపించండి, పెద్దవాళ్లు దగ్గరుండి. సముద్రమట్టం దగ్గర ఒకసారి, కొండ మీద ఒకసారి. ఆ తర్వాత వేడినీటి బుగ్గల దగ్గరికి తీసుకెళితే భూమి కింద లోతులో నీరు ఎందుకు అంత వేడెక్కగలదో, పైకి రాగానే ఎందుకు ఎగజిమ్ముతుందో వాళ్లే చెబుతారు. కుక్కరు మూత సంగతి తెలిసిన పిల్లలకు గీజరు అర్థం కావడం ఎంతసేపు?

11. దోసెల పిండి పులియడానికి ఇన్‌స్టంట్ పాట్‌లో పెరుగు బటను నొక్కండి. ప్రయాణం రోజున మాత్రం పిండి నానబెట్టకండి.

12. నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఇంట్లో అందరికీ తెలియాలి. వంటింటి తొట్టి, స్నానం నీళ్లు గ్రే ట్యాంకులోకి, పాయిఖానా నీళ్లు బ్లాక్ ట్యాంకులోకి. సాంబారు జిడ్డు, చింతపండు పిప్పి, అన్నం మెతుకులు గ్రే ట్యాంకులోకి పోతే ఎండాకాలం ఆ వాసన భరించలేం. కంచాలు కడిగేముందు కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. బియ్యం కడుగు కూడా నేల మీద పారబోయడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. స్నానం అంటే తడుపుకుని, ఆపి, సబ్బు రుద్దుకుని, మళ్లీ విప్పడం. చాలా ట్రైలర్లలో హీటరు 6 గ్యాలన్లే.

బ్లాక్ ట్యాంకు గురించి ఇంగ్లీషు పుస్తకాలు చెప్పని మాట ఒకటుంది. మనం మగ్గు వాడతాం కాబట్టి మన ట్యాంకు త్వరగా నిండుతుంది. దానికి దిగులు పడనక్కర్లేదు, ఆ ట్యాంకుకు నీళ్లే మందు. నీళ్లు తక్కువైతేనే గట్టిపడి గుట్టలా పేరుకుంటుంది. మురుగు పైపు హుకప్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచకండి, నీళ్లు మాత్రం జారిపోయి మిగతాది అక్కడే ఉండిపోతుంది. మూడింట రెండొంతులు నిండాక ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వదిలితే ఆ సబ్బునీళ్లే పైపు కడుగుతాయి. గ్లవ్సు వేసుకోండి. ఈ పని ఎవరిదనే పంచాయితీ మొదటి వారంలోనే తేల్చుకోండి.

13. బడి టైము రెండు గంటలు చాలు, కానీ రోజూ ఉండాలి. బడిలో ఆరేడు గంటలు కూర్చునే పిల్లలకు రెండు గంటలేమిటని మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు. ముప్పై మందికి హాజరు పిలవడం, వరసలో నిలబెట్టడం, నోటుపుస్తకాలు తీయించడం ఇవన్నీ తీసేస్తే ఇద్దరు పిల్లలకు అంతే పడుతుంది. లెక్కలకు మాత్రం ఒక పుస్తకం పట్టుకుని దాన్నే చివరిదాకా తీసుకెళ్లండి. సింగపూర్ మ్యాథ్‌ కానివ్వండి, శాక్సన్ కానివ్వండి, మధ్యలో మార్చకండి. సందేహానికి ఖాన్ అకాడమీ ఉచితంగా ఉంది. చరిత్ర, సైన్సు దారిలో దొరుకుతాయి గానీ దీర్ఘ భాగహారం ఏ కొండ మీదా దొరకదు. కథల పుస్తకాలు బరువు కాబట్టి సొంత ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో తీసుకోండి. ఆఫీసు మీటింగులున్న గంటలో పిల్లలు బయట చాప మీద చదువుకోవాలి. వాన పడితే ట్రక్కు వెనక సీటే క్లాసు రూము. ఇంటర్నెట్‌కు ఒక్కదాన్నే నమ్ముకోకండి. స్టార్‌లింకుకు ఆకాశం కనపడాలి, దట్టమైన చెట్ల కింద అది మొరాయిస్తుంది. సెల్ హాట్‌స్పాట్ వేరే కంపెనీది ఒకటి పక్కన ఉండాలి.

14. చోటును పాఠంగా చెప్పాలంటే ఒక కొలత పట్టుకోండి. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ‘ట్రెయిల్ ఆఫ్ టైమ్’ అనే నడక దారి ఉంది. ఒక్కో మీటరు 10 లక్షల సంవత్సరాలు. పిల్లల చేతికి స్కేలు ఇచ్చి, శాతవాహనులు ఎక్కడున్నారో చూపించమనండి. 2,000 ఏళ్లంటే 2 మిల్లీమీటర్లు. స్కేలు నేలకు ఆనించి మా చిన్నది చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చుంది. డైనోసార్లు అంతరించింది 66 మీటర్ల అవతల. అంచున మన కాళ్ల కింద ఉన్న రాయి వయసు సుమారు 27 కోట్ల ఏళ్లు, అంటే 270 మీటర్లు. మరి ఇక్కడ డైనోసార్ ఎముకలెందుకు దొరకవో చెప్పమంటే, వాటికంటే రాయే పెద్దదని పెద్దవాడు లెక్క వేసి చెప్పాడు. పుస్తకంలో ఇది ఒక వాక్యం.

న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ కూడా అలాంటిదే. ఆ తెల్లని దిబ్బలు జిప్సం. జిప్సం నీళ్లలో కరుగుతుంది, నది ఉంటే సముద్రానికి పోయేది. ఆ లోయలోంచి బయటికి పారే నది లేదు కాబట్టి అక్కడే మిగిలింది. మామూలు ఇసుకలా కాలదు, ఎండలో కూడా పిల్లలు చెప్పులు లేకుండా పరిగెత్తవచ్చు. పక్కనే క్షిపణి పరీక్షల కేంద్రం ఉంది, పరీక్ష ఉన్న రోజు దారి కొన్ని గంటలు మూసేస్తారు. వెళ్లేముందు కనుక్కోండి.

గడియారం పాఠానికి అరిజోనా. ఆ రాష్ట్రం వేసవిలో గంట ముందుకు జరపదు, లోపల ఉన్న నవాహో నేషన్ మాత్రం జరుపుతుంది. వేసవిలో పేజ్ ఊళ్లో ఉన్నంతసేపు హైదరాబాదుకు తేడా 12.30 గంటలు, మాన్యుమెంట్ వ్యాలీకి వచ్చేసరికి 11.30. అమ్మమ్మకు ఫోను చేసే టైము లెక్కగట్టే పని పిల్లలదే.

15. జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకోకుండా ఏ నేషనల్ పార్కులోనూ అడుగు పెట్టకండి. విజిటర్ సెంటర్లో అడిగితే ఇస్తారు. అందులోని పనులు పూర్తి చేస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. పూర్తిచేసిన పుస్తకాలే మీ ఫైలుకు సగం మేత. నాలుగో తరగతి పిల్లలుంటే, ఇంటి బడి అయినా సరే, ‘ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్’ పాసుతో కారులో అందరికీ ప్రవేశం ఉచితం. క్యాంపు సైటు డబ్బులు మాత్రం విడిగా కట్టాలి.

16. తెలుగుకు పోస్టుకార్డులు. మనబడి వారి ఆన్‌లైన్ తరగతులు బాగానే ఉంటాయి, సిగ్నలు ఉన్న వారం సాగుతాయి. లేని వారం ఏం చేయాలి? దిగిన ప్రతి ఊళ్లో ఒక బొమ్మ కార్డు కొని, తాతయ్యకో నాయనమ్మకో నాలుగు వాక్యాలు తెలుగులో రాయించండి. గ్లోబల్ ఫరెవర్ స్టాంపు ఒకటి అంటిస్తే గుంటూరుకైనా కరీంనగరుకైనా పోతుంది. ఒత్తులు తప్పులుంటే మీరు దిద్దకండి. కార్డు అందాక వీడియో కాల్‌లో తాతయ్యే దిద్దుతారు, ఆయన దిద్దితే పిల్లలు మొహం ముడుచుకోరు.

17. పిల్లలకు తోడు దొరికే చోటు మీ ప్రయాణ పటంలో ముందే గుర్తు పెట్టండి. ఏడెనిమిదేళ్ల దాకా అమ్మానాన్నలతో సరిపెట్టుకుంటారు. పదేళ్లు దాటాక కొండలు చూపిస్తే చాలదు, స్నేహితులు కావాలి. ఫుల్‌టైమ్ ఫ్యామిలీస్ అనే సంఘం ఇలాంటి కుటుంబాలను ఒకచోట కలిపే ర్యాలీలు పెడుతుంది. అక్కడ కలిసినవాళ్లతో తర్వాతి మజిలీలు కూడబలుక్కోండి. చలికాలం అరిజోనా, టెక్సాస్, ఫ్లారిడాల్లో ఒకేచోట రెండు మూడు నెలలు ఉండిపోతే ఇంకా మేలు. మధ్యలో పెద్ద ఊళ్ల దగ్గర ఒక మకాం వేయండి. పళ్ల డాక్టరు, ఇండియన్ దుకాణం, గుడి అన్నీ అక్కడే తీరతాయి. వ్యోమింగ్, మోంటానా వైపు వెళ్లేముందు డెన్వరులోనో సాల్ట్ లేక్ సిటీలోనో కందిపప్పు, చింతపండు, ఇంగువ నింపుకోవాలి, ఆ పైన ఊళ్లలో వెతుక్కోవడం కష్టం.

18. ఒక్కొక్కరికి ఒక మూల, ఒక తెర. బంకు మంచానికి తెర కట్టి, అది మూసి ఉంటే ఎవరూ పిలవకూడదని నియమం పెట్టండి. పెద్దవాళ్లకూ అదే నియమం. ట్రైలర్‌లో కోపం వస్తే తలుపు విసిరికొట్టి వెళ్లడానికి గది ఉండదు. చెప్పులేసుకుని క్యాంప్‌గ్రౌండు చుట్టూ ఒక రౌండు కొట్టి రావడమే. మా ఆయన ఈ మధ్య బాగా నడుస్తున్నారు.

19. హెల్త్ ఇన్సూరెన్సు నెట్‌వర్కు ఎక్కడిదాకా ఉందో చదవండి. హెచ్ఎమ్ఓ, ఈపీఓ రకాలైతే సొంత ప్రాంతం దాటాక మామూలుగా ఎమర్జెన్సీకే పనికొస్తాయి. జలుబుకూ జ్వరానికీ జేబులోంచే. దేశమంతా నెట్‌వర్కు ఉన్న పీపీఓ రకం మీ కంపెనీ ద్వారా దొరికితే అది తీసుకోండి. టీకాల కార్డు ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.